సైకిల్‌తో విమానం ఎక్కాలంటే: ఏది పైకి, ఏది కిందికి, ఏది ఇంట్లోనే

సైకిల్‌ను విమానంలో తీసుకెళ్లాలనుకున్న వాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఇది రానిస్తారా?" చైన్ ఆయిల్ రానిస్తారా, అలెన్ కీలు రానిస్తారా, టైర్లలో గాలి ఉండొచ్చా, లైటు బ్యాటరీ ఏ బ్యాగులో పెట్టాలి? పది మందిని అడిగితే పది రకాల జవాబులు వస్తాయి. ఒకరు టైరులో గాలి నింపే నాలుగు గ్యాస్ కార్ట్రిడ్జిలతో హాయిగా వెళ్లొచ్చామంటారు. ఇంకొకరు ఒక్కటి పెట్టుకుంటే అదీ తీసేశారంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మనం ఒకే రూల్‌బుక్ ఉందనుకుని అడగడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నిజానికి రూల్‌బుక్కులు మూడు. రాసేవాళ్లు వేరు, అమలు చేసేవాళ్లు వేరు, వాళ్ల భయాలు కూడా వేరు.

మొదటిది మంట భయం. లిథియం బ్యాటరీలు, గ్యాస్ డబ్బాలు, మండే ద్రవాలు దీని కిందికి వస్తాయి. ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ ఐకావో ఈ ప్రమాదకర వస్తువుల మీద సాంకేతిక సూచనలు ఇస్తుంది. విమానయాన సంస్థల సంఘం ఐయాటా వాటి ఆధారంగా ప్రతి ఏటా నియమావళి ప్రచురిస్తుంది. వీళ్లు చూసేది ఒకటే: ఈ వస్తువు గాల్లో ఉండగా అంటుకుంటే, పేలితే, కారితే ఏమవుతుంది?

రెండోది ఆయుధం భయం. ప్రయాణికుడి చేతికి అందే చోట ఇది ఉంటే ఎవరినైనా గాయపరచగలడా అన్నది ప్రశ్న. కత్తులు, పొడవాటి స్క్రూడ్రైవర్లు, సుత్తులు, బరువైన స్పానర్లు ఈ లెక్కలోకి వస్తాయి. ఈ రూల్స్ దేశానికో రకంగా ఉంటాయి. పైగా స్కానర్ దగ్గర నిలబడిన అధికారికి అక్కడికక్కడే వద్దనే అధికారం ఉంటుంది.

మూడోది బరువు, కొలతల సంగతి. ఇది పూర్తిగా విమానయాన సంస్థ చేతిలో ఉంటుంది. ఎన్ని కిలోలు, ఎంత పొడవు, ఎంత ఫీజు, ముందే చెప్పాలా వద్దా అన్నది వాళ్లే నిర్ణయిస్తారు.

మీ సామానంతా నేల మీద పరిచి, ఒక్కో వస్తువును చేతిలోకి తీసుకుని ఈ మూడు ప్రశ్నలూ ఇదే వరసలో వేసుకోండి. సగం గందరగోళం అక్కడే విడిపోతుంది. ఎందుకంటే మొదటి రెండు భయాలూ వస్తువును ఎదురెదురు దిక్కులకు లాగుతాయి. అంటుకునే గుణమున్న బ్యాటరీ మనుషుల కళ్ల ముందు, అంటే క్యాబిన్‌లో ఉండాలి. గాయపరిచే గుణమున్న స్పానర్ మనుషులకు అందకుండా, అంటే కింద హోల్డ్‌లో ఉండాలి. చాలామంది "సైకిల్ సామానంతా ఒకే చోట ఉంటే మంచిది కదా" అని లైట్లు, పవర్ బ్యాంక్, టూల్స్ అన్నీ ఒకే సంచిలో వేసి సైకిల్ పెట్టెలో పడేస్తారు. ఆ సంచిలో సగం వస్తువులు ఉండకూడని చోట ఉన్నట్టే.

బ్యాటరీలు పైనే ఎందుకు

విమానం కింది భాగంలో మంట వస్తే ఆర్పడానికి హాలోన్ అనే వాయువు వదులుతారు. మామూలు మంటలకు అది బాగా పనిచేస్తుంది. లిథియం బ్యాటరీ సంగతి వేరు. లోపల ఒక సెల్ దెబ్బతిని వేడెక్కడం మొదలైతే ఆ వేడికి పక్క సెల్, దాని వేడికి ఆ పక్కది, ఇలా గొలుసుకట్టుగా సాగుతుంది. దీన్నే థర్మల్ రనవే అంటారు. హాలోన్ పైకి కనిపించే మంటను అణచగలదు గానీ సెల్ లోపల జరిగే రసాయన చర్యను ఆపలేదు. అదే క్యాబిన్‌లో పొగ వస్తే ఎవరో ఒకరు వెంటనే చూస్తారు. సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలరు, ఆ వస్తువును వేరు చేయగలరు.

ఇది పుస్తకాల్లో పుట్టిన భయం కాదు. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచి బయలుదేరిన యూపీఎస్ ఫ్లైట్ 6 సరుకు విమానంలో పెద్ద ఎత్తున లిథియం బ్యాటరీలు ఉన్నాయి. కార్గోలో మంట పుట్టి, కాక్‌పిట్ పొగతో నిండిపోయి విమానం కూలింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడాన్ని ఐకావో 2016 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో బయలుదేరబోతున్న ఎయిర్ బుసాన్ విమానంలో తల పైన సామాను పెట్టే అరలో మంట పుట్టింది. అందరూ బయటపడ్డారు గానీ విమానం పైకప్పు కాలిపోయింది. దర్యాప్తులో వేలు పవర్ బ్యాంక్ వైపే చూపించింది. ఆ తర్వాత చాలా విమానయాన సంస్థలు పవర్ బ్యాంక్‌ను పై అరలో పెట్టొద్దని, కనబడేలా దగ్గర ఉంచుకోమని, గాల్లో ఉండగా వాడొద్దని చెబుతున్నాయి. క్యాబిన్‌లోకి అంటే బ్యాగులో వేసి పైన పెట్టి మర్చిపోవడం కాదన్నమాట.

ఇక లెక్కల్లోకి వద్దాం. బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్-అవర్లలో చూస్తారు. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వచ్చేదే అది. పవర్ బ్యాంక్ మీద మిల్లీ ఆంపియర్-అవర్లు (mAh) రాసి ఉంటే వెయ్యితో భాగించి 3.7తో గుణించండి. 10,000 మిల్లీ ఆంపియర్-అవర్లది 37 వాట్-అవర్లు. 20,000 ది 74. వందకు చేరేది 27,000 దగ్గర. 100 వాట్-అవర్ల వరకు క్యాబిన్‌లో ఎవరినీ అడగక్కర్లేదు. 100 నుంచి 160 మధ్య ఉంటే విమానయాన సంస్థ అనుమతి కావాలి, విడి బ్యాటరీలైతే రెండుకు మించకూడదు. 160 దాటితే ప్రయాణికుడి సామానుగా ఎక్కదు. పవర్ బ్యాంక్ మీద అంకెలు అరిగిపోయి కనబడకపోతే దాన్ని వెంట తీసుకెళ్లకండి. అంకె కనబడకపోతే అధికారి దగ్గర మీరు వాదించడానికి ఏమీ ఉండదు.

విడి బ్యాటరీ అంటే పరికరంలో బిగించి లేనిది. పవర్ బ్యాంక్ కూడా ఈ లెక్కలో విడి బ్యాటరీయే. అందుకే చెకిన్ సామానులో అది ఎప్పుడూ ఉండకూడదు. పరికరంలో బిగించి ఉన్న బ్యాటరీ మాత్రం, ఆ పరికరాన్ని పూర్తిగా ఆపేసి, దానంతట అది ఆన్ కాకుండా చూసుకుంటే, కిందికి వెళ్లొచ్చు. స్లీప్ మోడ్‌లో ఉంటే ఆపినట్టు కాదు.

ఎలక్ట్రానిక్ గేర్లున్న సైకిళ్లకు ఈ తేడా బాగా వర్తిస్తుంది. షిమానో కంపెనీ డీఐ2 గేర్లున్న సైకిళ్లలో బ్యాటరీ మామూలుగా సీట్‌పోస్ట్ (సీటును మోసే గొట్టం) లోపలే ఉంటుంది, సామర్థ్యం 4 వాట్-అవర్లకు లోపే. అది పరికరంలో భాగం కాబట్టి సైకిల్‌తో పాటే వెళ్లనివ్వొచ్చు. స్రామ్ కంపెనీ ఏఎక్స్ఎస్ గేర్ల పద్ధతి వేరు. చిన్న బ్యాటరీ వెనక డిరేలర్ (గేరు మార్చేటప్పుడు చైన్‌ను పక్కకు జరిపే భాగం) మీదే తగిలించి ఉంటుంది, కదలిక తెలిస్తే డిరేలర్ మేల్కొంటుంది. పెట్టెను బెల్టుల మీద, బండ్ల మీద కదిలించినంతసేపూ అది మేల్కొంటూనే ఉంటుంది. దిగేసరికి ఛార్జింగ్ అయిపోయినా ఆశ్చర్యం లేదు. దాన్ని తీసేసి, తీసిన చోట దాని ప్లాస్టిక్ మూత పెట్టండి. తీసిన మరుక్షణం అది విడి బ్యాటరీ అవుతుంది కాబట్టి మీతో పాటు క్యాబిన్‌లోకి రావాలి. కాంటాక్టుల మీద టేపు అంటించండి, లేదా ఒక్కోదాన్ని విడివిడిగా చిన్న కవర్లో వేయండి. తాళం చెవులు, చిల్లర నాణేలు ఉన్న జేబులో మాత్రం వేయొద్దు, షార్ట్ సర్క్యూట్ అయ్యేది అక్కడే.

లైట్లు, జీపీఎస్ కంప్యూటర్, పవర్ మీటర్ పెడల్స్, హార్ట్ రేట్ స్ట్రాప్, యాక్షన్ కెమెరా కూడా క్యాబిన్‌లోకే తీసుకెళ్లండి. రూల్ ఒప్పుకున్నా ఇంత ఖరీదైన చిన్న వస్తువుల్ని కింద వదలడం నాకు నచ్చదు.

ఎలక్ట్రిక్ సైకిల్ విషయంలో మాత్రం చెప్పడానికి మంచి కబురు లేదు. 36 వోల్టులు, 14 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 504 వాట్-అవర్లు. పరిమితి 160. మూడు రెట్లు దాటేసింది. బ్యాటరీ విప్పి క్యాబిన్‌లోకి తెస్తామన్నా, రెండు బ్యాగుల్లో సర్దుతామన్నా, విమానయాన సంస్థను బతిమాలినా కుదరదు. వీల్‌చెయిర్ల వంటి వాటికి వేరే మినహాయింపులున్నాయి, అవి సైకిల్‌కు వర్తించవు. బ్యాటరీ ఇంట్లో వదిలేసి సైకిల్ మాత్రం తీసుకెళ్లి, అక్కడ అదే రకం బ్యాటరీ అద్దెకు దొరికితే బిగించుకోవడం ఒక దారి. అలాంటప్పుడు కూడా మోటారు ఉన్న సైకిల్ తెస్తున్నామని, బ్యాటరీ లేదని ముందే రాసి అనుమతి తీసుకోండి. వెళ్లిన చోట పూర్తి ఎలక్ట్రిక్ సైకిలే అద్దెకు తీసుకోవడం ఇంతకన్నా తేలిక.

బొటనవేలంత సిలిండర్, బోలెడంత వాదన

అన్నిటికన్నా ఎక్కువ వాదనలు జరిగేది కార్బన్ డయాక్సైడ్ కార్ట్రిడ్జి మీద. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూడండి. బొటనవేలంత ఉక్కు గొట్టం, పైన మరలున్న మెడ, కొసన పలచటి మూత. మీద 16 గ్రాములని రాసి ఉంటుంది. లోపల గ్యాస్ ద్రవరూపంలో ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని పీడనం దాదాపు 57 బార్లు, అంటే మనం పీల్చే గాలి పీడనానికి 50 రెట్లకు పైనే. పంక్చర్ అయిన టైరును క్షణాల్లో నింపేది ఆ పీడనమే, అధికారులకు నచ్చనిదీ అదే.

ఐయాటా పట్టిక ప్రకారం ఇలాంటి మండని, విషం కాని గ్యాస్ కార్ట్రిడ్జిలు మనిషికి నాలుగు వరకు తీసుకెళ్లొచ్చు. ఒక్కోదాని నీటి పరిమాణం 50 మిల్లీలీటర్లు దాటకూడదు, అంటే సుమారు 28 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పట్టేంత. మన 16 గ్రాములది, 25 గ్రాములది ఈ లెక్కలో సరిపోతాయి. "నాలుగు తీసుకెళ్లొచ్చు" అన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది. చాలామంది వదిలేసే షరతు దాని పక్కనే ఉంది: విమానయాన సంస్థ అనుమతి తప్పనిసరి. కొన్ని సంస్థలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఆపైన దేశాల సొంత రూల్స్ ఉంటాయి. అవన్నీ దాటినా ఎక్స్‌రేలో ఆ ఉక్కు గొట్టాన్ని చూసిన అధికారి వద్దనొచ్చు. వాడేసిన ఖాళీ కార్ట్రిడ్జి కూడా తెర మీద నిండుదానిలాగే కనిపిస్తుంది కాబట్టి, జీను కింది సంచిలో పాతవి మర్చిపోయారేమో చూసుకోండి.

నా సలహా అడిగితే, అనుమతి ఉన్నా వీటిని మోయొద్దు. వెళ్లిన చోట సైకిల్ షాపులో కొనుక్కోవచ్చు. అవి బిగించే ఇన్‌ఫ్లేటర్ తల మాత్రం వెంట ఉంచుకోండి, అందులో గ్యాస్ ఉండదు. ఒక చేతి పంపు ఎలాగూ ఉండాలి. ఈమధ్య అరచేతిలో ఇమిడే ఎలక్ట్రిక్ పంపులు వచ్చాయి. వాటిలో లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి అవి క్యాబిన్ సామాను.

డియోడరెంట్ వెళ్తుంది, చైన్ స్ప్రే వెళ్లదు

స్ప్రే డబ్బాల సంగతి వినగానే అన్యాయమనిపిస్తుంది. డియోడరెంట్ డబ్బాలోనూ, చైన్ శుభ్రం చేసే స్ప్రేలోనూ తరచుగా ఒకే రకం మండే గ్యాస్ ఉంటుంది. అయినా మొదటిది ఒంటికి వాడే వస్తువు, దానికి మినహాయింపు ఉంది: ఒక్కో డబ్బా అర లీటరు లేదా అర కిలో, అన్నీ కలిపి రెండు లీటర్లు లేదా రెండు కిలోలు మించకూడదు. ఇంటి పనికి, ఆటలకు వాడే స్ప్రేలకు ఆ మినహాయింపు లేదు. మండని రకమైతేనే చెకిన్‌లో ఒప్పుకుంటారు. మంట గుర్తున్న చైన్ లూబ్, డీగ్రీజర్, తుప్పు వదిలించే స్ప్రే పైకీ వెళ్లవు, కిందికీ వెళ్లవు. టైరులోకి నురగ కొట్టి పంక్చర్ మూసే డబ్బాలూ ఎక్కువగా ఈ కోవలోవే.

పంక్చర్ కిట్‌లోని చిన్న సొల్యూషన్ ట్యూబు సంగతి చాలామందికి తట్టదు. రబ్బరును కరిగించి ఉంచే ఆ ద్రావకం సులువుగా అంటుకుంటుంది. ప్రమాదకర వస్తువుల జాబితాలో రబ్బరు సొల్యూషన్‌కు యూఎన్ 1287 అని సొంత నంబరే ఉంది. ట్యూబు ఎంత చిన్నదైనా అది మండే ద్రవమే. దాన్ని ఇంట్లో వదిలేసి, సొల్యూషన్ అక్కర్లేకుండా అతుక్కునే ప్యాచ్‌లు, ఒకటి రెండు కొత్త ట్యూబులు పెట్టుకోండి.

చుక్కలుగా వేసుకునే చైన్ ఆయిల్ విషయంలో సీసా మీద చూడండి. మంట గుర్తు ఉంటే వద్దు. సందేహముంటే తయారీదారు ఇచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో ఫ్లాష్ పాయింట్, అంటే ఎంత వేడి దగ్గర దాని ఆవిరి అంటుకుంటుందో చెప్పే అంకె, వెతకండి. 60 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువ ఉంటే మండే ద్రవం కింద లెక్క. నీటి ఆధారంగా చేసిన మైనపు లూబ్‌లకు ఈ బెడద ఉండదు. చిన్న సీసాలో పోసి, మూత మీద టేపు చుట్టి, జిప్ కవర్లో వేసి కింద పెట్టండి. క్యాబిన్‌లోకైతే 100 మిల్లీలీటర్ల పరిమితి ఉంది. 2006 ఆగస్టులో బ్రిటన్‌లో బయటపడ్డ ద్రవ పేలుడు పదార్థాల కుట్ర తర్వాత వచ్చిన రూలు ఇది. కొత్త స్కానర్లున్న కొన్ని విమానాశ్రయాలు దీన్ని సడలించాయి గానీ, తిరుగు ప్రయాణంలో ఎక్కే చోట పాత రూలే ఉండొచ్చు.

సైకిల్ మీద టూర్లకు వెళ్లేవాళ్లు స్టవ్ గురించి కూడా ఆలోచించాలి. గ్యాస్ డబ్బా ఎందులోనూ వెళ్లదు. ద్రవ ఇంధనంతో నడిచే స్టవ్‌ను పూర్తిగా కడిగి, ఆరబెట్టి, వాసన కూడా లేకుండా చేస్తే, విమానయాన సంస్థ అనుమతితో వెళ్తుంది. ఎలుగుబంట్ల కోసం వాడే పెప్పర్ స్ప్రేనూ ఇంట్లోనే వదిలేయాలి.

టూల్స్‌కు స్కేలు పెట్టి కొలుస్తారు

అమెరికాలో మొత్తం పొడవు 7 అంగుళాల లోపు ఉన్న చేతి పనిముట్లను క్యాబిన్‌లోకి అనుమతిస్తారు. యూరోపియన్ యూనియన్‌లో కొలిచేది వేరు: ఆయుధంగా వాడదగ్గ పనిముట్టు అంచు గానీ కడ్డీ గానీ 6 సెంటీమీటర్లు దాటితే కుదరదు. ఒకే స్క్రూడ్రైవర్ ఒక చోట చెల్లి ఇంకోచోట చెల్లకపోవడానికి కారణం ఇదే. చిన్న కత్తి ఉన్న మల్టీటూల్‌నైతే అమెరికాలో తీసేస్తారు. అందుకే టూల్స్ అన్నీ చెకిన్ సామానులోకి తోసేయడమే మేలు. టార్క్ రెంచ్, పెడల్ స్పానర్, చైన్ తాళం, టైర్ లివర్లు, మల్టీటూల్ అన్నీ కిందికే.

క్యాబిన్‌లోకి మీరు తప్పక తెచ్చుకోవాల్సినవి మూడున్నాయి: హెల్మెట్, సైక్లింగ్ షూస్, పెడల్స్. పెట్టె ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే అద్దె సైకిల్ దొరుకుతుంది గానీ మీ పాదానికి కుదిరిన షూస్ దొరకవు. హెల్మెట్‌కు ఇంకో కారణం కూడా ఉంది. దాని లోపలి థర్మోకోల్ లాంటి నురగ ఒక్కసారి నలిగితే పైకి ఏమీ కనబడకపోయినా అది తన పని చేయదు. బరువైన సామాను మధ్య దాన్ని వదలకండి.

టైర్లు పేలుతాయా?

పేలవు. విమానం 35,000 అడుగుల పైన ఎగురుతున్నా క్యాబిన్‌లో గాలి పీడనం దాదాపు 8,000 అడుగుల ఎత్తులో ఉన్నంత, లేదా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ప్రయాణికుల విమానాల్లో సామాను ఉండే హోల్డ్‌లోనూ పీడనం అంతే. మధ్యలో ఉన్న నేలకు పైనా కిందా ఒకే ఒత్తిడి ఉండాలి, లేకపోతే అది తట్టుకోలేదు. 1974 మార్చి 3న పారిస్ దగ్గర కూలిన టర్కిష్ ఎయిర్‌లైన్స్ డీసీ-10లో జరిగింది అదే. కార్గో తలుపు ఊడి కింద పీడనం పోగానే క్యాబిన్ నేల కుంగిపోయింది, కంట్రోల్ తీగలు తెగిపోయాయి. 346 మంది చనిపోయారు.

సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం 14.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 8,000 అడుగుల దగ్గర సుమారు 10.9. తేడా 4 కూడా లేదు. 80 పీఎస్ఐ ఉన్న టైరు 84 ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఒకవేళ పీడనమంతా పోయినా 95 దాటదు. అయినా చాలా సంస్థలు గాలి తీయమంటాయి, కౌంటర్ దగ్గర భౌతికశాస్త్రం వాదించి లాభం లేదు. వాళ్ల కోసం తగ్గించండి, పూర్తిగా మాత్రం తీసేయకండి. కొద్దిగా గాలి ఉన్న టైరు రిమ్‌కు దెబ్బ తగలకుండా కాపాడుతుంది. ట్యూబ్‌లెస్ టైర్లయితే ఇంకా జాగ్రత్త. గాలి మొత్తం పోతే టైరు అంచు రిమ్ నుంచి విడిపోయి లోపలి సీలెంట్ (పంక్చర్ మూసే ద్రవం) పెట్టె నిండా కారుతుంది. దిగాక చేతి పంపుతో ఆ అంచును మళ్లీ కూర్చోబెట్టడం పెద్ద పని. వేలితో నొక్కితే మెత్తగా అనిపించేంత గాలి ఉంచండి, అడిగితే నొక్కి చూపించండి.

పెట్టెలో ముందు విరిగేది

సైకిల్‌లో అన్నిటికన్నా తేలిగ్గా దెబ్బతినే భాగం వెనక డిరేలర్, దాన్ని పట్టుకుని ఉండే హ్యాంగర్. హ్యాంగర్ అంటే వేలెడంత అల్యూమినియం ముక్క. ఫ్రేమ్ విరగకుండా ముందు తానే వంగాలని దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు. పెట్టె ఆ పక్కకు పడితే అది కొన్ని మిల్లీమీటర్లు వంగుతుంది. చూస్తే తెలియదు. సైకిల్ ఎక్కి గేరు మార్చినప్పుడు చైన్ ఒక పళ్లెం వదిలి ఇంకోదాని మీద కూర్చోక కొట్టుకుంటుంది. ఇంకాస్త ఎక్కువ వంగితే తేలిక గేరులో డిరేలర్ చక్రం ఊచల్లోకి పోతుంది. దీన్ని తప్పించడానికి పట్టేది రెండు నిమిషాలు. 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో డిరేలర్‌ను హ్యాంగర్ నుంచి విప్పండి. కేబుల్ తీయక్కర్లేదు, చైన్ కూడా తెంపక్కర్లేదు. ఒక గుడ్డలో చుట్టి, ఫ్రేమ్ వెనక త్రికోణం లోపలికి జరిపి, జిప్ టైతో కట్టేయండి. అదనంగా ఒక హ్యాంగర్ కొని టూల్స్‌లో వేసుకోండి. అది ఫ్రేమ్‌ను బట్టి మారుతుంది కాబట్టి కొత్త ఊళ్లో మీ సైకిల్‌కు సరిపోయేది దొరుకుతుందని నమ్మకం లేదు.

డిస్క్ బ్రేకులున్న సైకిల్‌లో చక్రం తీయగానే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ స్పేసర్ పెట్టాలి. అది లేకుండా ప్రయాణంలో లివర్ నొక్కుకుపోతే పిస్టన్లు ముందుకు వచ్చి, మళ్లీ డిస్క్ దూరనివ్వవు. డిస్కులను చక్రాల నుంచి విప్పి రెండు అట్టముక్కల మధ్య పెట్టడం మంచిది. ఫోర్క్ కొసల మధ్య, వెనక డ్రాపౌట్ల (ఫ్రేమ్‌లో చక్రం బిగించే చోట్ల) మధ్య అడ్డుగా ఏదైనా ఉండాలి, లేకపోతే పైన బరువు పడితే నొక్కుకుపోతాయి. కొత్త సైకిళ్లతో వచ్చే ప్లాస్టిక్ అడ్డముక్కలను షాపుల్లో పారేస్తుంటారు, అడిగితే ఇస్తారు.

పెడల్స్ విప్పేటప్పుడు గుర్తుంచుకోండి, ఎడమ పెడల్ మరలు తిరగేసి ఉంటాయి. స్పానర్ పైవైపు ఉన్నప్పుడు రెండింటినీ సైకిల్ వెనక చక్రం వైపు తిప్పితే ఊడతాయి. సీట్‌పోస్ట్ తీసే ముందు ఎత్తు దగ్గర టేపు చుట్టండి. కార్బన్ భాగాల బోల్టులను మళ్లీ అంచనాతో బిగించకండి, ఎంత బిగించాలో కొలిచి చెప్పే చిన్న టార్క్ కీ వెంట ఉండాలి. విప్పిన బోల్టులు, యాక్సిళ్లు ఒకే సంచిలో వేసి ఆ సంచిని ఫ్రేమ్‌కే కట్టండి. పెట్టె అడుగున వదిలేస్తే, భద్రతా సిబ్బంది తెరిచి మూసేటప్పుడు కింద పడిపోవచ్చు. వాళ్లు మీరు లేకుండానే తెరవొచ్చు కూడా. సర్దిన సైకిల్ ఫోటో ఒకటి ప్రింట్ తీసి మూత లోపలివైపు అంటిస్తే, వాళ్లు మళ్లీ ఎలా పెట్టాలో వాళ్లకు తెలుస్తుంది. ట్రాకర్ బిళ్ల వేయడానికి జంకక్కర్లేదు. అలాంటి వాటికి లిథియం 0.3 గ్రాముల వరకు ఒప్పుకుంటారు, నాణెం బ్యాటరీలో ఉండేది దాదాపు 0.1 గ్రామే.

పెట్టె ఎంపికలో ముందు బరువు చూడండి. గట్టి ప్లాస్టిక్ పెట్టె పది కిలోల పైనే ఉంటుంది. తొమ్మిది కిలోల సైకిల్ అందులో పెడితే 23 కిలోల పరిమితికి మిగిలేది మూడు, నాలుగు కిలోలే. 32 కిలోలు దాటితే చాలా చోట్ల డబ్బు కడతామన్నా తీసుకోరు, మోసే మనుషుల నడుము కోసం పెట్టిన పరిమితి అది. షాపులో దొరికే అట్టపెట్టె తేలిక, ఖర్చు లేదు, సరిగ్గా సర్దితే బాగానే కాపాడుతుంది. వానలో తడిస్తే మాత్రం పనికిరాదు.

కాగితం మీద ఉండాల్సినవి

టికెట్ కొన్న రోజే సైకిల్ గురించి చెప్పండి. ఒక విమానంలో ఇన్ని సైకిళ్లే అని కొన్ని సంస్థలు పరిమితి పెడతాయి. మధ్యలో చిన్న విమానం మారాల్సి ఉంటే దాని హోల్డ్ తలుపులో మీ పెట్టె పడుతుందో లేదో పెట్టె కొలతలు రాసి అడగండి. టికెట్ అమ్మిన సంస్థ ఒకటి, విమానం నడిపేది ఇంకొకటి అయితే నడిపేవాళ్లను అడగాలి. వాళ్ల జవాబును ప్రింట్ తీసుకోండి, కార్ట్రిడ్జి అనుమతి అయినా, సైకిల్ బుకింగ్ అయినా.

దిగగానే పెట్టెను అక్కడే తెరిచి చూడండి. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న సామాను గురించి 7 రోజుల్లోపు, ఆలస్యమైన సామాను గురించి అది చేతికొచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. విమానాశ్రయంలోనే రిపోర్టు రాయించుకుని బయటికి వస్తే మీ మాటకు బలం ఉంటుంది. పరిహారానికి పరిమితి ఉంది. 2024 డిసెంబర్ 28 నుంచి అది మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క యూనిట్లు), సుమారు రెండు వేల అమెరికన్ డాలర్లు. మంచి కార్బన్ సైకిల్ విలువ దాన్ని తేలిగ్గా దాటిపోతుంది. చెకిన్ దగ్గర అదనపు విలువ ప్రకటించి రుసుము కట్టే వీలు ఆ ఒప్పందంలోనే ఉంది. లేదా సైకిల్‌కు విడిగా బీమా చేయించాలి. ప్యాకింగ్‌కు ముందూ తర్వాతా తీసిన ఫోటోలు రెండు సందర్భాల్లోనూ పనికొస్తాయి. సామాను స్వభావంలోనే ఉన్న లోపం వల్ల జరిగిన నష్టానికి తమ బాధ్యత లేదని సంస్థ వాదించొచ్చు కాబట్టి, సరిగ్గా సర్దామని చూపించడానికి అవే సాక్ష్యం.

తిరుగు ప్రయాణం దగ్గర చాలామంది మళ్లీ చిక్కుకుంటారు. అక్కడ కొన్న కార్ట్రిడ్జిలు, సొల్యూషన్ ట్యూబు, గ్యాస్ డబ్బా మిగిలి ఉంటాయి. అవి తీసుకొచ్చేవి కావు, ఆ ఊళ్లో సైకిల్ తొక్కేవాళ్లకు ఇచ్చేయండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లకైతే మట్టి కూడా నిషిద్ధ వస్తువే. టైరు గాళ్లలో, షూస్ అడుగున అంటుకున్న మట్టితో పాటు విత్తనాలు, క్రిములు తమ నేలకు వస్తాయని వాళ్ల ఆందోళన. బయలుదేరే ముందే టైర్లు, చైన్ కింది భాగం, షూస్ బ్రష్‌తో కడిగి బాగా ఆరబెట్టండి. దిగాక ఇచ్చే ఫారంలో వాడిన సైకిల్, బయట తిరిగే సామాను ఉన్నాయని రాయండి. శుభ్రంగా ఉంటే చూసి పంపించేస్తారు. చెప్పకుండా దొరికితే జరిమానా పడొచ్చు.